జంతువుల బొమ్మల జన్‌గఢ్ సింగ్ శ్యామ్

ఈసారి మహనీయుల జీవితం అనే శీర్షికకి నన్ను రాయమన్నారు. ఎప్పుడూ స్వాతంత్ర్యం కోసం పోరాడిన వాళ్ల గురించి రాస్తాం. నేను మాత్రం ఈసారి ఒక బొమ్మలు వేసే ఆయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఆయన మనలాగే ఆదివాసీ. ఆయన చనిపోయేటప్పటికి మనం ఎవరమూ పుట్టలేదు. సోషల్ టీచరు గారు తెచ్చిన ఒక పుస్తకంలో ఆయన వేసిన లేడి బొమ్మ చూసేను. ఆ రోజు నుంచి ఆ లేడి నా కళ్లలోంచి పోలేదు. అందుకే ఆయన సంగతులు టీచరు గారిని అడిగి అడిగి తెలుసుకున్నాను.

ఒక మాట ముందే చెప్తున్నాను. చిన్నప్పటి సంగతులు రాసేటప్పుడు అతను అని రాస్తాను. పెద్దయ్యేక ఆయన అని రాస్తాను. తెలుగు టీచరు గారు ఎర్ర గీత పెట్టవద్దు.

పుట్టిన ఊరు

జన్‌గఢ్ 1962లో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊళ్లో పుట్టేడు. అప్పుడది మండలా జిల్లా. 1998లో దిండోరి వేరే జిల్లా అయ్యేక ఆ ఊరు దానిలోకి వచ్చింది. మన పాడేరు, అరకు కూడా 2022లో విశాఖపట్నం జిల్లాలోంచి విడిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యేయి కదా, అలాగే. నర్మదా నది పుట్టిన మైకల్ కొండల ప్రాంతం అది. కొండలు, సాల చెట్లు, వాగులు. మన ఊళ్లలాంటి ఊరే. వెరియర్ ఎల్విన్ అనే ఇంగ్లండు ఆయన ఆదివాసుల గురించి చాలా పుస్తకాలు రాసేరు. ఆయన కూడా 1940ల్లో ఆ పాటన్‌గఢ్‌లోనే ఉన్నారు.

జన్‌గఢ్ వాళ్లు గోండులు. గోండుల్లో పర్ధాన్ అనే వంశం వాళ్లు. గోండులు మన తెలుగు నేల మీద కూడా ఉన్నారు. ఆదిలాబాద్ వైపు కెస్లాపూర్‌లో నాగోబా జాతర చేసేది వాళ్లే. అక్కడా పర్ధానులున్నారు. వాళ్లు కిక్రీ అనే వాయిద్యం వాయిస్తూ గోండుల పుట్టుక కథలు చెప్తారు.

పాటన్‌గఢ్ వైపు పర్ధానుల వాయిద్యం పేరు బానా. దానికి తీగలుంటాయి, కమానుతో వాయిస్తారు. వాళ్ల పెద్ద దేవుడు బడాదేవ్. ఆ దేవుడు సాజా చెట్టులో ఉంటాడని వాళ్ల నమ్మకం. సాజా అంటే మన నల్లమద్ది చెట్టే. పర్ధాను ఆ చెట్టు కింద బానా వాయిస్తే దేవుడు మేలుకుంటాడు. పర్ధానులు గోండుల ఇళ్లకి తిరిగి వాళ్ల తాతముత్తాతల కథలు పాడేవారు. ధాన్యమో, పశువో, బట్టో ఇచ్చేవారు. కాలం మారేక అలా పిలిచి పాడించుకునే వాళ్లు తగ్గిపోయేరు. పాట తగ్గితే పర్ధాను ఇంట్లో తిండి కూడా తగ్గింది.

జన్‌గఢ్ అలాంటి పేద ఇంట్లో పెరిగేడు. బడికి వెళ్లేడు గాని పూర్తిగా చదవలేదు. చదువు మానీసి పశువుల్ని కాసేడు. పదహారేళ్ల వయసులోనే నన్‌కుసియా అనే ఆమెతో పెళ్లయిపోయింది. మన ఊళ్లలో ఇలాంటి కుర్రాళ్లు ఎంతమంది లేరు? మా అన్న కూడా ఏడో తరగతిలో మానీసి ఆవుల వెనక తిరిగేడు. తేడా ఏమిటంటే జన్‌గఢ్‌కి గోడ కనిపిస్తే బొమ్మ వెయ్యకుండా ఉండలేడు.

గోడ మీద బొమ్మ

గోండుల ఇళ్లలో ఆడవాళ్లు పండగకీ పెళ్లికీ గోడలు అలికి, తెల్లమట్టి, ఎర్రమట్టి, బొగ్గుతో ముగ్గులాంటి గీతలు గీస్తారు. దాన్ని డిగ్నా అంటారు. మట్టితో గోడ మీదే ఉబ్బెత్తుగా చిలకల్నీ చెట్లనీ కూడా చేస్తారు. మా అమ్మమ్మ ఇటుకల పండగకి ముందు ఎర్రమట్టితో గోడ అలికి అడుగున నల్లగా అంచు కట్టేది. దాని పైన వేలితో తెల్ల చుక్కలు పెట్టేది. అది కళ అని మాకెవరికీ తెలీదు. గోడ బాగుండాలి కాబట్టి పెట్టేది, అంతే.

1981లో ఏం జరిగిందంటే, భోపాల్‌లో భారత్ భవన్ అనే పెద్ద కళల భవనం కడుతున్నారు. దానికి చిత్రకళ విభాగం చూసే పెద్ద చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ గారు. ఆయనకొక ఆలోచన వచ్చింది. పట్నంలో కాలేజీకి వెళ్లి నేర్చుకున్న వాళ్ల బొమ్మల పక్కనే ఆదివాసుల బొమ్మలు కూడా పెట్టాలి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అనకూడదు అని. అందుకని కుర్ర చిత్రకారుల్ని జట్లు కట్టించి పల్లెలకు పంపించేరు. ఒక జట్టు పాటన్‌గఢ్ వెళ్లింది. అక్కడ ఒక ఇంటి గోడ మీద ఉన్న బొమ్మ చూసి ఆగిపోయింది. ఎవరేసేరని అడిగితే జన్‌గఢ్ అన్నారు.

వాళ్లు అతనికి కాగితం, కుంచె, పోస్టరు రంగులు ఇచ్చేరు. అంతవరకూ మట్టి రంగులే ఎరిగిన పిల్లడు. మొదటిసారి ఆ మెరిసే రంగులో కుంచె ముంచినప్పుడు ఒళ్లంతా వణికిందని తర్వాత చెప్పేడట. నాకిది చదివితే నేను ఆరో తరగతిలో ఇక్కడ చేరినప్పుడు కొత్త స్కెచ్ పెన్నుల పెట్టె ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. మూత తీసి వాసన చూసి మళ్లీ మూసీసేను. వాడితే అయిపోతాయని.

1982 ఫిబ్రవరి 13న ఇందిరా గాంధీ గారు భారత్ భవన్ ప్రారంభించేరు. అక్కడ మొదటి ప్రదర్శనలోనే జన్‌గఢ్ బొమ్మలున్నాయి. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు.

ఇక్కడి నుంచి ఆయన అని రాస్తాను.

భోపాల్‌లో

స్వామినాథన్ గారు జన్‌గఢ్ గారిని భోపాల్ రమ్మన్నారు. నన్‌కుసియా గారితో వెళ్లి అక్కడే కాపురం పెట్టేరు. భారత్ భవన్‌లో ముద్రణ బొమ్మలు చేసే విభాగంలో ఆయనకి పని దొరికింది. పల్లె నుంచి పట్నానికి వచ్చిన వాళ్లకి ఎలా ఉంటుందో మనకి తెలుసు. నీళ్లు కూడా వేరే రుచిగా ఉంటాయి. ఆయన మాత్రం అడవిని వదిలి రాలేదు. చేతిలో పట్టుకొని వచ్చేరు.

ఆయన ఏం వేసేరంటే దేవుళ్లనీ, ఎక్కువగా జంతువుల్నీ. లేడి, పులి, మొసలి, పాము, అడవిపంది, నెమలి, చేప, పీత. అంతకుముందు బడాదేవ్ లాంటి దేవుళ్లకి బొమ్మ రూపం లేదు. పాటలోనే ఉండేవారు. ఆయన వాళ్లకి కాగితం మీద మొదటిసారి రూపం ఇచ్చేరు.

ఆయన జంతువులు ఎలా ఉంటాయో చెప్తాను. ఫొటోలాగ ఉండవు. లేడిని వేస్తే దాని కొమ్ములు పెరిగి పెరిగి చెట్టు కొమ్మలైపోతాయి. ఆ కొమ్మల మీద పిట్టలు కూర్చుంటాయి. ఇప్పుడది లేడా, చెట్టా అంటే రెండూను. లేడి లేకుండా చెట్టు లేదు, చెట్టు లేకుండా లేడి లేదు అన్నట్టు ఉంటుంది. ఒంట్లో ఖాళీ వదలరు. చిన్న చిన్న చుక్కలు, దువ్వెన పళ్లలాంటి గీతలు, అలలు, వరసగా నింపుకుంటూ పోతారు. ఆ చుక్కల వల్ల జంతువు ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. గోండు ఆడవాళ్లు ఒంటి మీద పొడిపించుకునే పచ్చబొట్లలో అలాంటి చుక్కలూ గీతలూ ఉంటాయి. మా అమ్మమ్మ చేతుల మీద కూడా ఉన్నాయి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరైనా చూస్తారని నేను మా అమ్మమ్మని గేటు దగ్గరే చేతులు కొంగులో పెట్టుకోమన్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఎవరి చుక్కల్ని చూడ్డానికి పారిస్‌లో జనం వరస కట్టేరో ఆ చుక్కల్నే నేను దాచమన్నాను.

అవును, పారిస్ కూడా వెళ్లేరు. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకి శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో ఫ్రాన్సు దేశంలో పారిస్ పట్నంలో పాంపిడూ కేంద్రం వాళ్లు ప్రపంచంలోని అన్ని ఖండాల కళాకారుల్ని పిలిచి పెద్ద ప్రదర్శన పెట్టేరు. దానిలో జన్‌గఢ్ గారి బొమ్మలున్నాయి. భోపాల్‌లో కొత్తగా కట్టిన శాసనసభ భవనం గోడల మీద కూడా ఆయన పెద్ద బొమ్మలు వేసేరు. గుడిసె గోడ మీద మొదలు పెట్టి శాసనసభ గోడ దాకా వెళ్లేరు. ఆయన చనిపోయేక 2010లో న్యూయార్క్‌లో ఆయన వేసిన సాలీడు ఉన్న బొమ్మ ఒకటి వేలంలో 31,250 డాలర్లకి పోయింది.

ఇంకో గొప్ప సంగతి. పేరొచ్చేక ఆయన ఒక్కరే తిని కూర్చోలేదు. ఊరి నుంచి అన్న కొడుకుల్ని, బావమరుదుల్ని, వాళ్ల భార్యల్ని భోపాల్ రప్పించేరు. ఇంట్లో పెట్టుకొని అన్నం పెట్టేరు. తన బొమ్మల్లో చుక్కలు నింపమని ఇచ్చేరు. చేయి తిరిగేక మీ బొమ్మ మీరు వేసుకోమన్నారు. నన్‌కుసియా గారు కూడా చిత్రకారిణి అయ్యేరు. కూతురికి జపానీ అని పేరు పెట్టేరు. ఆమె పుట్టిన 1988లోనే ఆయన జపాను దేశం వెళ్లొచ్చేరు మరి. కొడుకు మయాంక్. పిల్లలిద్దరూ ఇప్పుడు పేరున్న చిత్రకారులే.

జపానులో

ఈ భాగం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించేను. వార్డెన్ మేడమ్ గారిని అడిగేను. జరిగింది రాయి, కాని చెప్పవలసింది కూడా రాయి అన్నారు.

1994లో స్వామినాథన్ గారు చనిపోయేరు. జన్‌గఢ్ గారికి ఆయన తండ్రిలాంటివారు. 2001లో జన్‌గఢ్ గారు మళ్లీ జపాను వెళ్లేరు. అక్కడ నీగాటా ప్రాంతంలో తోకామాచి అనే ఊరి దగ్గర మిథిలా మ్యూజియం ఉంది. దానికి బొమ్మలు వేసివ్వడానికి వెళ్లేరు. మాట తెలీని దేశం. తన వాళ్లు ఒక్కరూ లేరు. ఇంటికి వచ్చీయాలని ఆయనకి ఉండేది. అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు ఉండవలసి వచ్చింది. 2001 జూలై 3న ఆయన అక్కడే తన ప్రాణం తనే తీసుకున్నారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఇంటి దగ్గర నన్‌కుసియా గారు, చిన్న పిల్లలు ఎదురు చూస్తున్నారు.

అంత పేరు, అన్ని దేశాలు, అన్ని బహుమతులు ఉన్నా ఆయన పక్కన ఆ రోజు ఒక మనిషి లేడు. నేను ఇది చదివి చాలాసేపు మేడ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఓడలు పోర్టులోకి పిలుపు కోసం లంగరేసుకొని నిలబడి ఉంటాయి. సాయంత్రం దొడ్డి బయట నిలబడ్డ గేదెల్లాగే ఉంటాయి. నేను ఇక్కడికొచ్చిన మొదటి ఏడు రోజూ వాటిని చూసి ఏడ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మానాన్నలకి చదువు రాదు. మా ఇంట్లో బడి మెట్టెక్కి ఇంతవరకూ వచ్చింది నేనొక్కదాన్నే. ఏడుస్తున్నానని చెప్తే తీసుకుపోతారని భయం, చెప్పకపోతే ఉండలేనని భయం.

మీలో కొందరికి గుర్తుంటుంది. మా గదిలో ఒక పిల్ల ఉండేది. గోగు రంగు జాకెట్టు వేసుకునేది. పొరిగింటి పుంజును వేసిందంటే అది ఇప్పుడే కూస్తుందా అన్నట్టు ఉండేది. దసరా సెలవులకి వెళ్లి తిరిగి రాలేదు. బెంగ అని ఒక్కరితో కూడా అనలేదు. నవ్వుతూనే ఉండేది. నేను పక్క మంచం మీదే ఉన్నాను. నేనూ అడగలేదు. ఆ తప్పు నాది. అందుకే ఈ మాట అందరికీ రాస్తున్నాను. బెంగగా ఉంటే పక్క మంచం వాళ్లకి చెప్పండి. అక్కలకి చెప్పండి. మేడమ్ గారికి చెప్పండి. బెంగ చెప్పుకోవడం చదువు మానీడం కాదు. చెప్పుకుంటేనే చదువు నిలుస్తుంది. పక్క మంచం వాళ్లు నవ్వుతున్నా ఒకసారి అడగండి.

ఆయన తర్వాత

జన్‌గఢ్ గారు పోయేరు గాని ఆయన పెట్టిన చుక్కలు ఆగలేదు. ఆయన మొదలుపెట్టిన పద్ధతికి ఇప్పుడు జన్‌గఢ్ కలం అని పేరు. పాటన్‌గఢ్‌లో ఇప్పుడు బొమ్మలు వేసే వాళ్లు ఎంతోమంది. 2023లో మధ్యప్రదేశ్ గోండు చిత్రాలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన అరకు కాఫీకి వచ్చినట్టే.

ఆయన అన్న కొడుకు భజ్జూ శ్యామ్ గారు భోపాల్‌లో మొదట రాత్రి కాపలా ఉద్యోగం చేసేరు. తర్వాత చిన్నాన్న దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. లండన్ వెళ్లి ఒక హోటలు గోడలకి బొమ్మలు వేసేరు. అక్కడ చూసినదంతా జంతువులుగా మార్చి ఒక పుస్తకం చేసేరు. భూమి కింద నడిచే రైలు ఆయనకి వానపాములా కనిపించింది. పెద్ద గడియారం పొద్దున్నే లేపే కోడిపుంజులా కనిపించింది. బస్సు నమ్మకమైన కుక్కలా కనిపించింది. ఆ పుస్తకం 2004లో చెన్నైలో అచ్చయింది. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. జన్‌గఢ్ గారి బావమరిది భార్య దుర్గాబాయి వ్యామ్ గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు. ఆమె, భర్త సుభాష్ వ్యామ్ గారు కలిసి అంబేడ్కర్ గారి జీవితాన్ని బొమ్మల పుస్తకంగా 2011లో తెచ్చేరు. దానిలో మంచి మాట అనే వాళ్ల మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కుట్టే మాట అనే వాళ్ల మాటకి తేలు తోక ఉంటుంది. నాకది భలే నచ్చింది. మన మెస్సులో వరస దగ్గర ఎన్ని తేళ్లు తిరుగుతాయో చూడండి.

ఇది చదివేక నాకు విశాఖపట్నం కూడా వేరేగా కనిపించడం మొదలయ్యింది. పోర్టులో క్రేన్లు చెరువులో మెడ వంచిన కొంగలు. యారాడ కొండకి డాల్ఫిన్ నోస్ అని ఎవరో ముందే జంతువు పేరు పెట్టీసేరు. కిరండూల్ రైలు జెర్రిపోతు. సొరంగంలో దూరుతుంది, ఇటు తేలుతుంది. బైలాడిలా కొండ ఇనపరాయిని కడుపులో పెట్టుకొని పోర్టు దాకా వచ్చే గూడ్సు బండి మేకని మింగిన కొండచిలవ. స్టీలు ప్లాంటు రాత్రిపూట కళ్లు ఎర్రచేసుకొని నెమరేసే పెద్ద దున్న. మునపు ఈ ఊరంతా నాకు పరాయిది. ఇప్పుడు అడవిలో ఉన్నట్టే ఉంది, జంతువుల పేర్లు తెలిసేయి కాబట్టి భయం లేదు.

మనం నేర్చుకోవలసినవి

ఒకటి, మన ఇంటి గోడ మీద ఉన్నది తక్కువ కాదు. రెండు, ఒకరు పైకొస్తే ఊరి నుంచి పదిమందిని తెచ్చుకోవాలి. మూడు, ఎంత గొప్పవాళ్లకైనా ఇంటి మీద బెంగ ఉంటుంది, దాన్ని లోపల దాచుకోకూడదు.

చివరగా వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. పోయిన ఏడు నేను వెనక గోడ మీద ఇటుక ముక్కతో గేదె బొమ్మ వేసి తిట్లు తిన్నాను. అడగకుండా వేసేను, అది తప్పే. ఇప్పుడు అడుగుతున్నాను. మన భోజనాల హాలు గోడ ఒకటి ఖాళీగా ఉంది. మాకు తెల్లసున్నం, ఎర్రమట్టి, బొగ్గు ఉంటే చాలు. రంగులు కొనక్కర్లేదు. మట్టి సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు మేమే తెస్తాం. ఎవరి ఊరి జంతువుని వాళ్లు వేస్తాం. ఒక చోటు మాత్రం ఖాళీ వదిలిపెడతాం. అది ఆ పుంజు బొమ్మ వేసే పిల్లకి. ఆమె ఊరు వెళ్లే బస్సులో ఉత్తరం పంపించేను. గోడ ఉందని తెలిస్తే వస్తుందేమో.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని